2019 ఎల్‌ఎస్‌యూ ఫుట్‌బాల్ జట్టు ఒక్క ఏడాదిలో అంతగా ఎలా మారింది? అంతా జో బరో మహిమేనా?

ప్రశ్న అడిగినవారు రాసింది క్లుప్తంగా ఇదీ: ఎమ్మెస్ కోసం ఈ మధ్యే లూసియానా వచ్చారు. ఇక్కడ ఎవరితో మాట కలిపినా ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2019 సీజన్ గురించే చెబుతున్నారట. "అంతకుముందు ఏడాది మామూలుగా ఆడిన జట్టు ఒక్కసారిగా 15కి 15 ఎలా గెలిచింది? జో బరో ఒక్కడి వల్లేనా? కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో ఇదే గొప్ప జట్టు అంటున్నారు, నిజమేనా?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. బరో లేకపోతే ఆ సీజన్ లేదు, కానీ బరో ఒక్కడి వల్ల అది రాలేదు. 2018లోనూ అదే బరో ఆడాడు, జెఫర్సన్, చేస్ లాంటి రిసీవర్లూ (విసిరిన బంతి పట్టేవాళ్లు) అప్పటికే జట్టులో ఉన్నారు. అసలు మారింది ఆట పద్ధతి. అంతవరకూ క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని విసిరేవాడు, ఇక్కడ బరో) తప్పు చేయకుండా చూసుకునే ఆట ఆడేవారు. 2019లో మొత్తం ఆటను అతని చేతిలో పెట్టి, నువ్వే చూసుకో అన్నారు. ఆ నమ్మకాన్ని మోయగల మనిషి, పట్టగల చేతులు, కాపాడగల లైన్ అన్నీ ఒకే ఏడాది కుదిరాయి. గొప్ప జట్టా అనే మూడో ప్రశ్నకి నా జవాబు మీ క్లాస్‌మేట్స్‌కి నచ్చకపోవచ్చు. అది చివర్లో చెబుతాను.

నేనెవరో ఒక మాట. బ్యాటన్ రూజ్‌లో చదువుకుని ఈ చుట్టుపక్కలే ఉద్యోగంలో స్థిరపడ్డాను. ఇక్కడి ఒక హైస్కూల్ జట్టుకి వాలంటీర్‌గా ఫిల్మ్ చార్టింగ్ చేస్తుంటాను. అంటే మ్యాచ్ వీడియో పెట్టుకుని ప్రతి ప్లేకీ (బంతి కదిలిన ఒక్కో ప్రయత్నానికీ) ఎన్నో డౌన్, ఎన్ని యార్డులు కావాలి, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏమైంది అని రాసిపెట్టడం. విసుగు పుట్టే పనే, కానీ టీవీలో కనిపించనివి చాలా కనిపిస్తాయి. కింద రాసేది ఎక్కువగా ఆ కళ్లతో చూసిందే.

ఆట కొత్త కాబట్టి నాలుగు ముక్కలు. బంతి ఉన్న జట్టుకి 4 అవకాశాలు (వీటినే డౌన్లు అంటారు), వాటిలో 10 యార్డులు ముందుకి వెళ్తే మళ్లీ 4. రెండు వైపులా 11 మంది. బంతి ఉన్న జట్టులో ఐదుగురు లైన్‌మెన్, వాళ్ల పని అడ్డుకోవడమే. ఒకడు క్వార్టర్‌బ్యాక్. మిగిలిన ఐదుగురూ బంతి పట్టుకోవచ్చు. ఈ "ఐదుగురు" అన్న మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

2019కి ముందు ఎల్‌ఎస్‌యూ అంటే ఏమిటి

మీరన్నారు గానీ, 2018లో జట్టు మరీ మామూలుగా ఏం ఆడలేదు. 13 మ్యాచ్‌ల్లో 10 గెలిచింది. మామూలుగా ఉన్నది అఫెన్స్, అంటే బంతి తమ దగ్గరున్నప్పటి ఆట. బరో ఆ ఏడాది 2,894 యార్డులు విసిరాడు, 16 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించడం), పాస్‌ల్లో 57.8 శాతం చేరాయి. చెడ్డవేం కావు, కానీ ఎవరూ పోస్టర్ వేసుకునే అంకెలూ కావు. ఆ నవంబర్‌లో అలబామా బ్యాటన్ రూజ్ వచ్చి 29-0తో కొట్టిపోయింది. సొంత స్టేడియంలో, లక్ష మంది ముందు, ఒక్క పాయింట్ కూడా రాలేదు.

ఆ సున్నా వెనక చాలా ఏళ్ల అలవాటు ఉంది. ఎల్‌ఎస్‌యూ అంటే గట్టి డిఫెన్స్, బంతి చంకలో పెట్టుకుని మధ్యలోంచి దూసుకెళ్లే రన్నింగ్ బ్యాక్, అతనికి దారి చేసే ఒక ఫుల్‌బ్యాక్. పాస్, అంటే బంతి విసరడం, తప్పనిసరైతేనే. 2011 నవంబర్‌లో అలబామాని వాళ్ల ఊళ్లోనే 9-6తో ఓడించారు. ఓవర్‌టైమ్ దాకా వెళ్లిన ఆ మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి ఒక్క టచ్‌డౌన్ కూడా లేదు, అన్నీ ఫీల్డ్ గోల్సే, అంటే బంతిని తన్ని పోస్టుల మధ్యకి పంపినవే. దాన్ని అప్పట్లో శతాబ్దపు మ్యాచ్ అన్నారు. రెండు నెలలకి అదే అలబామా చేతిలో నేషనల్ ఛాంపియన్‌షిప్‌లో 21-0తో ఓడారు. అక్కడినుంచి 2018 వరకు అలబామా మీద వరసగా 8 ఓటములు.

లూసియానా చిన్న రాష్ట్రమే, కానీ ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లకి కొదవ లేదు. రాష్ట్రంలో ఆ స్థాయి యూనివర్సిటీ జట్టు ఒక్కటే కాబట్టి బాగా ఆడేవాడు ఎవడైనా మొదట చూసేది ఎల్‌ఎస్‌యూ వైపే. అంటే ప్రతిభ ఎప్పుడూ ఉంది. దాన్ని వాడుకునే తీరే పాతబడింది.

కోచ్ ఎడ్ ఓర్జెరాన్ సంగతి కూడా చెప్పాలి. లరోజ్ అనే బేయూ (నెమ్మదిగా పారే వాగు) పక్క ఊరివాడు, కేజన్ (ఇక్కడి ఫ్రెంచ్ మూలాలవాళ్ల) యాసలో బొంగురు గొంతు, మాట సగం అర్థం కాదు. ఇంతకుముందు ఓల్ మిస్‌కి (మిసిసిపీ యూనివర్సిటీ జట్టు) మూడేళ్లు హెడ్ కోచ్‌గా ఉండి 10 గెలిచి 25 ఓడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 2016 సీజన్ మధ్యలో ఎల్‌ఎస్‌యూ పగ్గాలు తాత్కాలికంగా ఇచ్చారు, సీజన్ అయ్యాక పర్మనెంట్ చేశారు. అప్పుడు ఇక్కడ చాలామంది పెదవి విరిచారు. పెద్ద పేరున్న కోచ్ దొరక్క ఇతన్ని పెట్టుకున్నారనేవారు. ఆయన బలం బోర్డు మీద ప్లేలు గీయడం కాదు. తనకి రానిదేమిటో తెలుసుకుని, అది వచ్చినవాణ్ణి తెచ్చుకోవడం. 2019 జనవరిలో చేసింది అదే.

జో బ్రేడీ తెచ్చింది ఏమిటి

పక్కనే న్యూ ఆర్లీన్స్‌లో సెయింట్స్ అనే ప్రొఫెషనల్ (ఎన్‌ఎఫ్‌ఎల్) జట్టుంది. అక్కడ షాన్ పేటన్ కోచింగ్‌లో, డ్రూ బ్రీస్ క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్న అఫెన్స్‌లో జో బ్రేడీ అనే చిన్న ఉద్యోగి ఉండేవాడు. వయసు 29. అంతకుముందు పెన్ స్టేట్‌లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్. పెద్ద పదవులేం చేయలేదు. ఓర్జెరాన్ అతన్ని పాసింగ్ గేమ్ కోఆర్డినేటర్‌గా తెచ్చాడు. ఇక్కడ చాలామంది చెప్పని విషయం ఒకటుంది: అఫెన్సివ్ కోఆర్డినేటర్ స్టీవ్ ఎన్స్‌మింగర్‌ని తీసేయలేదు. ఆయన అరవై దాటిన మనిషి, 1970ల్లో ఇదే ఎల్‌ఎస్‌యూకి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాడు. తన పిల్లల వయసు కుర్రాడొచ్చి ప్లేబుక్ మారుస్తుంటే అహం అడ్డురాకుండా పక్కన కూర్చుని పనిచేశాడు. మ్యాచ్‌లో ప్లేలు పిలిచే బాధ్యత ఆయనదే. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి ఇదెంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఆ పద్ధతి. బంతి పట్టగల ఐదుగురిలో పాత ఎల్‌ఎస్‌యూ ఒకరిద్దరిని క్వార్టర్‌బ్యాక్ దగ్గరే కాపలాకి ఉంచేది. 2019లో చాలా ప్లేల్లో ఐదుగురినీ బయటికి పంపేశారు. కాపాడటానికి మిగిలింది ఐదుగురు లైన్‌మెన్ మాత్రమే. ఎదుటివాళ్లు ఆరుగుర్ని మీదికి పంపితే ఒకడు ఎవరూ అడ్డులేకుండా వచ్చి క్వార్టర్‌బ్యాక్ మీద పడతాడు. ఇది ఖాయం. కానీ ఆరుగురు మీదికి వస్తే ఐదుగురు రిసీవర్లని కాయడానికి మిగిలేది ఐదుగురే. అంటే ఎక్కడో ఒకచోట ఒకడికి ఒకడే. ఆ చోటు ఎక్కడో రెండున్నర సెకన్లలో కనిపెట్టి బంతి వదిలేయగలిగితే ఆ దూసుకొచ్చేవాడు చేసేదేం లేదు.

మంచి బ్యాట్స్‌మన్ బౌలర్ పరుగు మొదలుపెట్టకముందే ఫీల్డ్ ఒకసారి తిప్పి చూసుకుని ఖాళీ ఎక్కడుందో లెక్కేసుకుంటాడు కదా, బరో చేసింది అలాంటిదే. రన్నింగ్ బ్యాక్‌ని పక్కకి జరిగి నిలబడమంటాడు, అతనితో పాటు ఎవరు కదిలారో చూస్తాడు. లైన్‌బ్యాకర్ (ముందు వరస వెనక నిలబడే డిఫెండర్) వెంట వెళ్తే ఒక అర్థం, ఎవరూ కదలకపోతే ఇంకో అర్థం. బంతి చేతికి రాకముందే సగం పని అయిపోతుంది. నేను చార్ట్ చేసే హైస్కూల్ కుర్రాళ్లకి ఈ భాగమే ఆపి ఆపి చూపిస్తాను. విసరడం కాదు, విసరకముందు ఏం చూశాడన్నదే.

దీనివల్ల పరుగు ఆట కూడా బాగుపడింది, అదొక తమాషా. ఐదుగుర్ని మైదానం నిండా పరిస్తే మధ్యలో డిఫెండర్లు పలచబడతారు. అక్కడ క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలేర్ అనే 5 అడుగుల 8 అంగుళాల బ్యాటన్ రూజ్ కుర్రాడు ఆ ఏడాది 1,414 యార్డులు పరుగెత్తాడు. అవసరమైతే బయటికెళ్లి 55 క్యాచ్‌లు కూడా పట్టాడు. పరుగు తగ్గించుకుని ఇంత మంచి రన్నింగ్ బ్యాక్‌ని తయారుచేశారు.

బరో సంగతి

ఒహాయో రాష్ట్రంలో ఏథెన్స్ ప్రాంతపు కుర్రాడు. ఒహాయో స్టేట్‌లో మూడేళ్లున్నా మొదటి క్వార్టర్‌బ్యాక్ కాలేకపోయాడు. డిగ్రీ పూర్తిచేసి 2018 వేసవిలో ఎల్‌ఎస్‌యూకి వచ్చాడు. డిగ్రీ అయినవాడు కాబట్టి ఏడాది ఆగకుండా వెంటనే ఆడొచ్చు. 2019 డిసెంబర్‌కి అతనికి 23 నిండాయి. కాలేజీ ఆటలో అది పెద్ద వయసే. ఎదురుగా ఆడేవాళ్లలో చాలామంది 19, 20 ఏళ్లవాళ్లు. ఈ తేడాని మన చర్చల్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అంకెలు చూడండి. 527 పాస్‌ల్లో 402 చేరాయి, అంటే 76.3 శాతం. 5,671 యార్డులు. 60 టచ్‌డౌన్లకి 6 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్లు పట్టేసిన పాస్‌లు) మాత్రమే. 60 అప్పటికి ఆ స్థాయిలో ఒక సీజన్ రికార్డు, 2021లో బెయిలీ జాపీ 62తో దాటాడు. జమార్ చేస్ 1,780 యార్డులు, 20 టచ్‌డౌన్లు. జస్టిన్ జెఫర్సన్ 111 క్యాచ్‌లు, 1,540 యార్డులు, 18 టచ్‌డౌన్లు. టెరెన్స్ మార్షల్ జూనియర్ కొన్ని మ్యాచ్‌లు గాయంతో పోగొట్టుకుని కూడా 13 టచ్‌డౌన్లు. జట్టు మొత్తం 726 పాయింట్లు, మ్యాచ్‌కి సగటున 48 పైన.

జెఫర్సన్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పక్కనే డెస్ట్రహాన్ హైస్కూల్ నుంచి వచ్చినవాడు. అన్నలిద్దరూ ఎల్‌ఎస్‌యూకి ఆడినా, ఇతనికి పెద్ద స్టార్ రేటింగేమీ లేదు. రేటింగుల పేజీలు చూసి ఆటగాళ్లని తూచేవాళ్లకి నేను ఎప్పుడూ ఇతని పేరే చెబుతాను.

హైస్మన్ ట్రోఫీ, అంటే కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడికిచ్చేది, బరోకి రికార్డు తేడాతో వచ్చింది. ఎల్‌ఎస్‌యూకి 1959లో బిల్లీ కానన్ తర్వాత అదే. ఆ వేదిక మీద తన ప్రాంతంలో తిండిలేక స్కూలుకొచ్చే పిల్లల గురించి కన్నీళ్లతో మాట్లాడాడు. కొద్ది రోజుల్లోనే అక్కడి ఫుడ్ ప్యాంట్రీకి 5 లక్షల డాలర్లు దాటి విరాళాలొచ్చాయి. ఇక్కడివాళ్లు అతన్ని ఆటకోసమే కాక మనిషిగా కూడా తలచుకుంటారంటే ఇదొక కారణం. చివరి హోం మ్యాచ్‌కి జెర్సీ మీద తన పేరుని ఫ్రెంచ్ పద్ధతిలో రాయించుకుని వచ్చాడు. స్టేడియం ఏమైపోయిందో ఊహించుకోండి.

ఏ మ్యాచ్‌లో ఏం జరిగింది

15 మ్యాచ్‌లూ చెప్పను. సగం మ్యాచ్‌లు హాఫ్‌టైమ్‌కే అయిపోయాయి.

సెప్టెంబర్ 7, ఆస్టిన్‌లో టెక్సస్ మీద. ఆ ఊళ్లో మనవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి మీకు ఆ మ్యాచ్ చూసిన తెలుగువాళ్లు ఎవరో ఒకరు తగులుతారు. ఆఖర్లో ఎల్‌ఎస్‌యూ 37-31తో ఆధిక్యంలో ఉంది. మూడో డౌన్, ఇంకా 17 యార్డులు కావాలి. పాత ఎల్‌ఎస్‌యూ అయితే మధ్యలోంచి ఒక పరుగు, గడియారం తిరగనివ్వడం, తర్వాత పంట్ (బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్లకి ఇచ్చేయడం), డిఫెన్స్ మీద భారం. ఈ ఎల్‌ఎస్‌యూ పాస్ పిలిచింది. టెక్సస్ ఎక్కువమందిని మీదికి పంపింది, బరో పక్కకి జరిగి జెఫర్సన్‌కి అందించాడు. 61 యార్డుల టచ్‌డౌన్. చివరికి 45-38. ఈ జట్టు నిజంగా మారిందని నాకు నమ్మకం కుదిరింది ఈ ఒక్క ప్లేతోనే. విసరడం గొప్ప కాదు, ఆ సమయంలో విసరమని చెప్పడం గొప్ప.

అక్టోబర్ 26, ఆబర్న్ మీద 23-20. అందరూ మర్చిపోయే మ్యాచ్ ఇది. నాకైతే సీజన్‌లో అన్నిటికన్నా నేర్చుకోదగ్గది. ఆబర్న్ ముగ్గురినే ముందు పెట్టి మిగిలినవాళ్లని వెనక్కి పంపింది. అంటే బరో ముందున్న గేట్లన్నీ మూసేసింది. యార్డులు 500 దాటాయి గానీ పాయింట్లు 23 దగ్గరే ఆగాయి. అప్పుడు ఏం చేశారు? పంతానికి పోయి విసరలేదు. ఎడ్వర్డ్స్-హెలేర్‌కి బంతిచ్చి 136 యార్డులు పరుగెత్తించారు. డిఫెన్స్ ఆబర్న్‌ని పట్టి ఉంచింది. కొత్త పద్ధతి మీద మోజుతో పాతదాన్ని పారేయలేదన్నమాట.

నవంబర్ 9, అలబామాలో. 2011లో 9-6 జరిగిన అదే స్టేడియం. ఈసారి 46-41. హాఫ్‌టైమ్‌కి 33-13. మ్యాచ్‌కి ముందే చీలమండకి సర్జరీ చేయించుకుని వచ్చిన అలబామా క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా, ఆ తర్వాత జట్టుని మళ్లీ పోటీలోకి లాక్కొచ్చాడు. తేడా తగ్గిన ప్రతిసారీ ఎల్‌ఎస్‌యూ మళ్లీ స్కోర్ చేసింది. బరో విసిరిన 39 పాస్‌ల్లో 31 చేరాయి. ఎడ్వర్డ్స్-హెలేర్ 4 టచ్‌డౌన్లు. ఆ రాత్రి బ్యాటన్ రూజ్ వీధుల్లో ఉన్నవాళ్లకి పండగంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మా అపార్ట్‌మెంట్లలో ఫుట్‌బాల్ ఓనమాలు తెలియని మన కుర్రాళ్లు కూడా బాల్కనీల్లో నిలబడి కేకలేశారు. ఎనిమిదేళ్ల కసి వాళ్లకి తెలియదు, అయినా అంటుకుంది.

డిసెంబర్‌లో జార్జియాని 37-10తో ఓడించి ఎస్‌ఈసీ (ఎల్‌ఎస్‌యూ ఆడే లీగ్) టైటిల్. డిసెంబర్ 28న అట్లాంటాలో సెమీఫైనల్, ఓక్లహోమా మీద 63-28. మొదటి సగంలోనే బరో 7 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. అందరూ యూట్యూబ్‌లో చూసేది ఇదే. నేనైతే అదే రోజు జరిగిన ఇంకో సంగతి తలచుకుంటాను. ఆ మ్యాచ్‌కి వస్తూ ఎన్స్‌మింగర్ కోడలు విమాన ప్రమాదంలో చనిపోయింది. మ్యాచ్‌కి కొన్ని గంటల ముందు ఆయనకి కబురు తెలిసింది. అయినా వెళ్లి కూర్చుని ప్లేలు పిలిచాడు. దాని గురించి ఇంతకంటే రాయబుద్ధి కాదు.

2020 జనవరి 13, న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్‌లో ఫైనల్. ఎదురుగా వరసగా 29 గెలిచొచ్చిన క్లెమ్సన్. మొదట్లో క్లెమ్సన్ డిఫెన్స్ బరోని తికమక పెట్టింది, మొదటి మూడుసార్లూ బంతి పంట్ చేసి ఇచ్చేశారు. 17-7తో వెనకబడ్డారు. సీజన్ అంతా అంత వెనకబడింది లేదు. అక్కడినుంచి హాఫ్‌టైమ్ లోపే వరసగా మూడు టచ్‌డౌన్లు, 28-17. చివరికి 42-25. బరో 463 యార్డులు, 5 టచ్‌డౌన్ పాస్‌లు, ఒకటి తనే పరుగెత్తి. చేస్ ఒక్కడే 221 యార్డులు.

ఆ సీజన్ మొదలవకముందు ఏపీ ర్యాంకింగ్స్‌లో (విలేకరుల ఓట్లతో ఇచ్చేవి) మొదటి నాలుగు జట్లు క్లెమ్సన్, అలబామా, జార్జియా, ఓక్లహోమా. ఎల్‌ఎస్‌యూ ఆరోది. ఆ నలుగుర్నీ ఓడించింది. మ్యాచ్ నాటికి మొదటి పదిలో ఉన్న జట్లు మొత్తం ఏడింటిని గెలిచింది. తేలిక షెడ్యూల్‌తో అన్నీ గెలిచే జట్లు చాలా ఉంటాయి. ఇది ఆ కోవ కాదు.

ఎవరూ మాట్లాడని ఐదుగురు

ఐదుగురు రిసీవర్లని పంపి ఐదుగురితో కాపాడటం అన్నాను కదా. ఆ లైన్‌కి ఆ ఏడాది దేశంలోకెల్లా మంచి అఫెన్సివ్ లైన్‌కిచ్చే జో మూర్ అవార్డ్ వచ్చింది. మధ్యలో సెంటర్ లాయిడ్ కుషెన్‌బెరీ. ఎల్‌ఎస్‌యూలో 18వ నంబర్ జెర్సీ జట్టుకి ఆదర్శంగా నిలిచే ఆటగాడికి ఇస్తారు. ఆ ఏడాది అది అందుకున్నవాళ్లలో కుషెన్‌బెరీ ఒకడు. లైన్‌మన్ నంబర్ల నియమం వల్ల ఆ జెర్సీ వేసుకోలేడు కాబట్టి గుర్తుగా ప్యాచ్ ఇచ్చారు.

దీనికి నా అనుభవం ఒకటి జోడిస్తాను. 2019 తర్వాత ఈ చుట్టుపక్కల ప్రతి హైస్కూల్ కోచ్‌కీ ఐదుగుర్ని పరిచే పిచ్చి పట్టింది. నేను చార్ట్ చేసే జట్టు కూడా మొదలుపెట్టింది. మా షీట్లలో వెంటనే తేడా తెలిసింది. ఐదుగుర్ని పంపిన ప్లేల్లో మా క్వార్టర్‌బ్యాక్ నేలమీద పడటం ఎక్కువ, యార్డులు తక్కువ. కుర్రాడు చెడ్డవాడేం కాదు, చేయి బలంగానే ఉంది. కానీ పదహారేళ్లవాడు, ముందు ఎడమవైపు చూడాలా కుడివైపు చూడాలా అనే టెన్షన్‌లోనే సమయం అయిపోయేది. చివరికి రన్నింగ్ బ్యాక్‌ని వెనక్కి పిలిచి కాపలా పెట్టారు, ఐదుగురి ప్లేలు రెండు మూడే మిగిల్చారు, అవి కూడా మొదటి చూపులోనే విసిరేవి. గెలుపులు అప్పుడు మొదలయ్యాయి. పద్ధతి కొనుక్కోవచ్చు, కాపీ కొట్టొచ్చు. చూసే కన్ను, ఓపికగా నిలబడే లైన్ లేకపోతే అదే పద్ధతి గుదిబండ అవుతుంది.

లోపాలు లేవా?

ఉన్నాయి, ముఖ్యంగా డిఫెన్స్‌లో. కోఆర్డినేటర్ డేవ్ అరాండా గొప్పవాడే. గ్రాంట్ డెల్పిట్ థోర్ప్ అవార్డ్ (దేశంలో అత్యుత్తమ డిఫెన్సివ్ బ్యాక్‌కి, అంటే వెనక వరస డిఫెండర్‌కి ఇచ్చేది) గెలిచాడు, కొత్తగా వచ్చిన డెరెక్ స్టింగ్లీ జూనియర్ మొదటి ఏడాదే 6 ఇంటర్‌సెప్షన్లు పట్టాడు. అయినా సీజన్‌లో చాలా భాగం పాయింట్లు ధారపోశారు. టెక్సస్‌కి 38, వాండర్‌బిల్ట్‌కి 38, అలబామాకి 41. ఓల్ మిస్ అయితే ఒక్క మ్యాచ్‌లోనే 402 యార్డులు పరుగెత్తింది. అఫెన్స్ ఎప్పుడూ ముందుంటుంది కాబట్టి ఎదుటివాళ్లు చివరిదాకా ఆపకుండా విసురుతారు, అంకెలు పెరుగుతాయి. ఇది కొంత సమాధానం, పూర్తిది కాదు. నవంబర్ చివర్నుంచి మాత్రం బాగా కుదుటపడ్డారు. టెక్సస్ ఏ&ఎంకి 7, జార్జియాకి 10.

ఇక గొప్ప జట్టా అన్న ప్రశ్న. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇంత మంచి అఫెన్స్‌ని నేను చూడలేదు. జట్టు మొత్తంగా అయితే 2001 మయామీని పైన పెడతాను. ఆ మయామీ 12 మ్యాచ్‌ల్లో ఇచ్చింది 117 పాయింట్లే. ఆ ఒక్క జట్టు నుంచి కాలక్రమంలో 38 మందిని ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లని వరసగా ఎంచుకునే చోట) తీసుకున్నారు, అందులో 17 మంది మొదటి రౌండ్‌లోనే. 1995 నెబ్రాస్కా పేరు కూడా పెద్దవాళ్లు చెబుతారు, ఫైనల్‌లో ఫ్లోరిడాని 62-24తో ఓడించిన జట్టు. మరోవైపు ఎల్‌ఎస్‌యూ ఎదుర్కొన్నంత గట్టి జట్లని వాళ్లిద్దరూ ఒకే సీజన్‌లో ఎదుర్కోలేదు. ఈ వాదన బ్యాటన్ రూజ్‌లో ఏ టైల్‌గేట్ (మ్యాచ్ ముందు స్టేడియం బయట జరిగే విందు) దగ్గరైనా మొదలుపెట్టండి, గంబో (ఇక్కడి పులుసు) చల్లారిపోయేదాకా నడుస్తుంది. (అన్నట్టు, ఈ ఊళ్లో మొహమాటపడకుండా తినండి. అన్నం, రొయ్యలు, పీతలు, కారం అన్నీ ఉంటాయి. మన నాలుకకి ఇబ్బంది ఉండదు.)

ఆ తర్వాత ఏమైంది

నా మొదటి జవాబుకి రుజువు ఇక్కడే ఉంది. 2020 ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో ఎల్‌ఎస్‌యూ నుంచి 14 మంది వెళ్లారు. బరో అందరికన్నా ముందు, మొత్తం ఐదుగురు మొదటి రౌండ్‌లో. బ్రేడీ క్యారొలైనా పాంథర్స్ అనే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టుకి వెళ్లిపోయాడు, అరాండా బేలర్‌కి హెడ్ కోచ్ అయ్యాడు. చేస్ కోవిడ్ ఏడాది ఆడకుండా పక్కకి తప్పుకున్నాడు. అదే కోచ్, అదే స్టేడియం, అదే జెర్సీ. 2020లో 5 గెలిచి 5 ఓడారు. 2021 తర్వాత ఓర్జెరాన్ కూడా లేడు. బరో ఒక్కడే కారణమైతే అతని స్థానంలో ఇంకో మంచివాణ్ణి పెట్టి సర్దుకునేవారు. పద్ధతి ఒక్కటే కారణమైతే ప్లేబుక్ అక్కడే ఉంది కదా, కొనసాగేది. రెండూ కాదు.

ఇప్పుడైతే ఆటగాళ్లు డబ్బు తీసుకోవచ్చు, జట్లు మారడమూ తేలికైపోయింది. ఈ రెండు మార్పులూ 2021లో వచ్చాయి. అందుకే ఒక్క ఏడాదిలో జట్టు తలకిందులవడం ఇప్పుడు మునుపటంత వింత కాదు. 2019లో మాత్రం బయటినుంచి వచ్చిన ప్రధాన ఆటగాడు దాదాపు బరో ఒక్కడే, మిగిలినవాళ్లు ఎక్కువమంది ఇక్కడే ఎదిగినవాళ్లు. మీ క్లాస్‌మేట్స్ గొంతులో వినిపించే గర్వంలో సగం అదే.

మ్యాచ్‌లు చూడాలనుకుంటే ఓక్లహోమాతో మొదలుపెట్టకండి. అది చూస్తే అంతా తేలిగ్గా అనిపిస్తుంది. ముందు టెక్సస్, తర్వాత ఆబర్న్, తర్వాత అలబామా, చివర్లో క్లెమ్సన్. బంతి వెంట కళ్లు పరుగెత్తకుండా మొదట బరోకి ఎదురుగా ఉన్న లైన్‌బ్యాకర్లని చూడండి, బంతి కదలకముందు వాళ్లెటు జరిగారో గమనించండి. రెండు క్వార్టర్లు అలా చూస్తే పాస్ ఎటు వెళ్తుందో కొన్నిసార్లు మీరే ముందు చెప్పేస్తారు. డౌన్లు, యార్డుల లెక్క ఇంకా అర్థం కాకపోతే విడిగా ప్రశ్న వేయండి. క్లెమ్సన్ మ్యాచ్‌లో రెండో క్వార్టర్ డ్రైవ్ ఒకటి తీసుకుని ప్లే ప్లేకీ రాస్తాను.